ఎలీసమ్మ రాయికి యథాతథ స్థితి

ప్రభుత్వానికి దరఖాస్తు పెట్టి బాగుపడినవాణ్ణి నేను ఇంతవరకు చూడలేదు. ముప్పై నాలుగేళ్లు పోస్టాఫీసులో పనిచేసి, ఊళ్లోవాళ్ల దరఖాస్తులు సంచులకొద్దీ పంపించినవాణ్ణి. ఆ మాత్రం ఇంగితం నాకు ఉండాల్సింది. లేకపోయింది. రిటైరైన ఏడాదికి మా చర్చికి సంఘ కార్యదర్శినయ్యాను. కార్యదర్శినైన నెలకే దరఖాస్తు పెట్టాను. కాబట్టి ఈ కథలో తప్పంతా నాదేనని ముందే ఒప్పుకుంటున్నాను. తర్వాత ఎవరూ వేలెత్తి చూపించనక్కర్లేదు.

దరఖాస్తు దేనికంటే, మా తుమ్మలమెట్ట సమాధుల తోటలో గేటు నుంచి మూడో వరసలో ఒక నాపరాయి ఉంది. అది బోధకురాలు ఎలీసమ్మది. ఆమె పోయి తొంభై ఏళ్లు దాటింది. ఆ రోజుల్లో ఆడమనిషి ప్రసంగ వేదిక ఎక్కడానికి వీల్లేదని మిషన్ దొరలు తీర్మానం చేశారట. ఎలీసమ్మ ఆ తీర్మానాన్ని అక్షరాలా పాటించింది. వేదిక ఎక్కలేదు. బావుల దగ్గర, కల్లాల్లో, మిరపచేలల్లో నిలబడి మాట్లాడింది. ఆమె మొదలుపెడితే పొయ్యి మీద అన్నం మాడిపోయేదనీ, మాడు వాసన వచ్చినా ఒక్కరూ లేచేవాళ్లు కాదనీ మా నాయనమ్మ చెప్పేది. ఆమె పోయాక సంఘంలోని ఆడవాళ్లు పూటకు పిడికెడు బియ్యం చొప్పున తీసిపెట్టి, ఆ బియ్యంతో రాయి చెక్కించారు. దాని మీద మూడే మాటలు.

బోధకురాలు ఎలీసమ్మ
ముప్పది యెనిమిది గ్రామములు కాలినడకను తిరిగి బోధించినది
ఇచ్చట ఆగినది

ఆ ఆఖరి మాట చదివినప్పుడల్లా నేనూ అక్కడే కాసేపు ఆగిపోతాను. అందుకే ఈ రాయిని ప్రభుత్వం కాపాడాలని నాకు బుద్ధి పుట్టింది. అప్పటిదాకా దాన్ని కాపాడుతూ వచ్చింది దీనమ్మక్క. ఎలీసమ్మకు మనవరాలు. మిషన్ ఆసుపత్రిలో ఆయాగా చేసి దిగిపోయింది. డెబ్బై ఒకటి నిండాయి. నవంబరు రెండున మాకు సమాధుల పండుగ. ఆ ముందు మూడు నాలుగు రోజులు తోటంతా సున్నం వాసనే. ఎవరి పెద్దల సమాధికి వాళ్లు సున్నం వేసి, ఆరాక అక్షరాలకు నల్లరంగు దిద్దుతారు. పండుగనాడు పూలు పెట్టి కొవ్వొత్తులు వెలిగిస్తారు. దీనమ్మక్క అయితే ఆ రాయిని పసిబిడ్డకు నీళ్లు పోసినట్టు కడిగి, రెండుపూతలు సున్నం వేసి, ఒక్కో అక్షరం మీద ఊపిరి బిగబట్టి రంగు దిద్దేది. ఒక్క ఏడాది కూడా తప్పలేదు.

అటువంటి రాయికి రక్షణ లేదని నేను పురాస్మృతుల పరిరక్షణ శాఖకు రాశాను.

పోయినేడు అక్టోబరు ముప్పయ్యో తారీఖున సహాయ సంచాలకులు పరాంకుశంగారు స్వయంగా వచ్చారు. వెంట సీనియర్ అసిస్టెంటు సాంబమూర్తి, ఆయన చంకలో రిజిస్టరు. నేను దండ పట్టుకుని ఎదురెళ్లాను. పరాంకుశంగారు దండ తీసుకోలేదు. రాయి వైపు చూసి బిగుసుకుపోయారు.

అప్పటికి దీనమ్మక్క రాయి పైసగానికి సున్నం వేసింది. ఎలీసమ్మ పేరు తెల్లటి సున్నం కింద కనుమరుగైంది. కింది సగంలో అంతకుముందేడు దిద్దిన రంగు ఇంకా ఉంది, 'ఇచ్చట ఆగినది' అన్నది మాత్రం బాగా కనిపిస్తోంది. పక్క సమాధి మీద మా ఊరి మస్తాన్ మేక నిలబడి, ఎవరో పెట్టిన బంతిపూలు నములుతోంది. ముక్కాలిపీట మీద కూర్చున్న దీనమ్మక్క రెండో పూత కోసం కుంచె పైకెత్తింది.

"అమ్మా, కదలకండి!" అని పరాంకుశంగారు కేకేశారు.

దీనమ్మక్క పాము వచ్చిందనుకుని కదల్లేదు. ఆయన ఫోను తీసి ఫొటో కొట్టారు. ఫోను టింగుమంది.

"అయిపోయింది. ఈ క్షణం నుంచి ఇది రక్షిత స్మారకం. మా శాఖ కొత్త యాప్‌లో మూలచిత్రం ఎక్కింది. ఇకపై ఈ స్మారకం మూలచిత్రంలో ఎలా ఉన్నదో అలాగే, యథాతథ స్థితిలో, శాశ్వతంగా ఉండును" అన్నారాయన.

నేను చప్పట్లు కొట్టాను. ఆ చప్పట్లు తలుచుకుంటే ఇప్పటికీ చేతులు నరుక్కోవాలనిపిస్తుంది.

"సరేనయ్యా, సల్లంగుండు. మిగతా సగం ఏసుకుంటా, రొవంత పక్కకి జరుగు" అంది దీనమ్మక్క.

"వీల్లేదు. మూలచిత్రంలో సగమే సున్నమున్నది. మిగతా సగం వేస్తే స్మారకమును మార్చినట్టు అగును."

"అయితే ఏసిన సగం కడిగేస్తా."

"కడిగినచో స్మారకమును ధ్వంసం చేసినట్టు అగును. అట్లు ధ్వంసమైన రాళ్లను రాజధానిలోని గోదాముకు తరలించుటకు మాకు అధికారమున్నది."

దీనమ్మక్క నా వైపు తిరిగింది. "తమ్ముడూ, ఈయన్ని ఎవురు పిలిచారు?"

నేను దండ చూసుకుంటూ నిలబడ్డాను.

మూడో రోజుకే, సరిగ్గా సమాధుల పండుగనాడు పొద్దున, రాయి చుట్టూ తాడు కట్టారు. పక్కన నీలంబోర్డు పాతారు. ఆ యాప్ ఫొటోలోని అక్షరాలు తనే చదివి బోర్డు తనే రాస్తుందట. మనిషి చెయ్యి తగలని, తప్పు జరగడానికి వీల్లేని ఏర్పాటు. సున్నం కింద పేరు దానికి కనబడలేదు. కనబడిన దాన్ని చదివి, నిజాయితీగా ఇలా రాసింది: 'పేరు తెలియని స్త్రీ. ఇచ్చట ఆగినది.'

దీనమ్మక్క కొవ్వొత్తి పట్టుకుని వచ్చి నా చేత ఆ బోర్డు చదివించుకుంది. తోటంతా దీపాలు వెలుగుతున్నాయి. ఎలీసమ్మకు మాత్రం లేదు, ఎందుకంటే మూలచిత్రంలో కొవ్వొత్తి లేదు. అక్క నోటికి జడిసి ఆసుపత్రిలో పెద్ద డాక్టరే పక్కదారిన వెళ్లేవాడు. అటువంటి మనిషి కొవ్వొత్తి కొంగులో చుట్టుకుని ఇంటికి వెళ్లిపోయింది.

ఆ తర్వాత పద్నాలుగు పేజీల ఉత్తర్వు వచ్చింది. 'స్మారకము అనగా మూలచిత్రమునందు కనిపించు సమస్తము' అని మొదటి పేజీలోనే ఉంది. భాగము అ: నాపరాయి, సగము తెలుపు. భాగము ఆ: సున్నపు బక్కెట్టు. భాగము ఇ: మేక, ఒకటి, పక్క సమాధిపై, నమలుచున్నది. భాగము ఈ: వృద్ధ మహిళ, ఒకరు, ఎత్తిన కుంచెతో సహా. భాగము ఉ: కాకి, ఒకటి, ఎగిరిపోయినందున ఆచూకీ కొరకు గాలింపు జరుగుచున్నది.

పరాంకుశంగారు నిలబడి ఫొటో తీసిన చోటే ఒక స్తంభం పాతి కెమెరా బిగించారు. అది పొద్దున పదింటి నుంచి సాయంత్రం ఐదింటి లోపల ఎప్పుడు బుద్ధి పుడితే అప్పుడు ఫొటో తీసి, మూలచిత్రంతో పోల్చి, స్మారకం ఎంత శాతం మిగిలిందో చెబుతుంది. తొంభై ఐదుకు తగ్గితే సైరను మోగుతుంది. మొదటిరోజు దీనమ్మక్క ఇంట్లో పప్పు తాలింపు వేసుకుంటుండగా సైరను మోగింది. స్మారకం అరవై ఒక్క శాతమే ఉన్నదని యాప్ రాజధానికి కబురు పంపింది. గంటలో పరాంకుశంగారు జీపులో దిగారు.

"మీరు లేచిపోవుట వలన స్మారకం ముప్పై తొమ్మిది శాతం అదృశ్యమైనది" అన్నారు దీనమ్మక్కతో.

"నేను రాయినా నాయనా?"

"రాయిలో భాగం. మీరు సహకరించని పక్షంలో స్మారకం శిథిలమైనట్టు భావించి మిగిలినదాన్ని గోదాముకు తరలించవలసి వస్తుంది."

గోదాము అన్న మాటతో దీనమ్మక్క నోరు మూతపడింది. మర్నాటి నుంచి పదింటికల్లా అదే చీర కట్టుకుని, ముక్కాలిపీట మీద కూర్చుని, కుంచె పైకెత్తి పట్టుకునేది. చెయ్యి నొప్పి పుడుతుందని సాంబమూర్తికి చెబితే, ఆయన రిజిస్టరులో 'భాగము ఈ స్వల్పముగా వాలుచున్నది' అని రాసుకుని, మోచేతి కింద వెదురుకర్ర ఒకటి పెట్టించాడు. ఆ కర్ర ఫొటోలో పడకుండా దానికి చీర రంగు వేయించాడు కూడా. పనిమంతుడు.

మేక సంగతి వేరు. దానికి గోదాము అంటే భయం లేదు. పది నిమిషాలు నిలబడి, పనుందన్నట్టు దిగిపోయేది. మేక మస్తాన్ మాట తప్ప ఎవరి మాటా వినదని తేల్చుకుని, శాఖవాళ్లు మస్తాన్‌నే స్మారకం కాపలాదారుగా వేసుకున్నారు. అతనికి ఖాకీ చొక్కా, ఈల ఇచ్చారు. మేకకు పొద్దున్నే బంతిపూలు పెట్టి, ఎక్కించి, నమలడం ఆపితే మళ్లీ పెట్టడం అతని విధి. తోట ప్రహరీ పక్కనే అతని ఇల్లు. యాభై ఏళ్లు వచ్చేదాకా సర్కారు కొలువు కోసం తిరిగి, ఆఖరికి మేక సిఫార్సుతో కొట్టాడని ఊరంతా చెప్పుకున్నారు.

వేసవిలో మేక పొట్ట బాగా పెరిగింది. యాప్ మూడు రోజులు ఓర్చుకుని నాలుగోరోజు ఎర్రజెండా ఎగరేసింది: 'స్మారకములో అనధికార విస్తరణ'. రక్షిత స్మారకాన్ని పెంచడం నేరం. నోటీసు మేక యజమానికి ఇవ్వాలి, ఇవ్వాల్సింది కాపలాదారు. మస్తాన్ ఖాకీ చొక్కా తొడుక్కుని నోటీసు తీసుకుని ఇంటికి వెళ్లి, చొక్కా విప్పి సంతకం పెట్టి, మళ్లీ తొడుక్కుని రసీదు తెచ్చాడు.

"ఏడు రోజులలో విస్తరణను తొలగించవలెను" అన్నారు పరాంకుశంగారు.

"అయ్యా, ఏడు రోజుల్లో అదే తొలిగిపోద్దయ్యా, నెలలు నిండినై" అన్నాడు మస్తాన్.

అన్నట్టే తొలగింది. రెండు పిల్లలు పుట్టాయి. ఒక ఉపద్రవం తీరిందనుకుంటే, ఆ పిల్లలు స్మారకానికి వంద మీటర్ల లోపల కొత్తగా వెలసిన ఆక్రమణలని తేలింది. ఆక్రమణల్ని వంద మీటర్ల అవతల కట్టేశారు. తల్లి పిల్లల దగ్గరకు పరుగెత్తింది, సైరను మోగింది. పిల్లల్ని తల్లి దగ్గరకు తెచ్చారు, సైరను మోగింది. ఆఖరికి కెమెరా కంటికి కనబడకుండా పక్క సమాధి వెనక గొయ్యి తవ్వి, పిల్లల్ని అందులో ఉంచి, తల్లి పైన నిలబడే పాలిచ్చే మార్గం సాంబమూర్తి కనిపెట్టాడు. ఆయనకు ఆ ఏడు ఉత్తమ ఉద్యోగి ప్రశంసాపత్రం వచ్చింది.

ఇదంతా మీకు నవ్వులాటగా ఉండొచ్చు. మేమూ నవ్వుకున్నాం. కానీ ఆదివారాలు మాత్రం నాకు నవ్వు వచ్చేది కాదు. ఆదివారం సందర్శకులు ఎక్కువ కాబట్టి స్మారకం పూర్తిగా ఉండాలన్నారు. పది గంటల గంట కొట్టగానే మేమందరం ఆరాధనకు చర్చిలోకి వెళ్లేవాళ్లం. పుట్టి బుద్ధెరిగాక ఒక్క ఆదివారం మానని దీనమ్మక్క, గోడ అవతల కుంచె ఎత్తి కూర్చునేది. పాట మైకులో వినబడితే కూర్చున్న చోటే పెదవులు కదిపేది. యాప్ దాన్ని 'స్వల్ప కంపనము' అని నమోదు చేసేది.

మే నెలలో ఆమె మనవరాలి పెళ్లి కుదిరింది. ఒక్కరోజు సెలవు కావాలని నాతో అర్జీ రాయించింది. నా చేతిరాతతో వెళ్లిన రెండో దరఖాస్తు అది. 'స్మారకములకు సెలవులు వర్తించవు' అని జవాబు. పోనీ చెల్లెలు రూతమ్మను అదే చీర కట్టి కూర్చోబెట్టి వెళితే, యాప్ అరవై నాలుగు శాతం చూపించి 'నకిలీ స్మారకము' అని అరిచింది. దీనమ్మక్క తలంబ్రాల ముందు నుంచి ఆటోలో వెనక్కి వచ్చి కూర్చుంది. పెళ్లిబట్టలు విప్పి పాతచీర కట్టుకోవడానికి టైము లేక, పైన చుట్టుకుంది. ఆరోజు ఆమె ముఖం చూడలేక నేను తోట వైపు వెళ్లలేదు.

అన్నిటికన్నా ఆమెను తినేసింది ఆ బోర్డు. ప్రతిరోజూ దానికి ఎదురుగా కూర్చోవాలి కదా.

"మా అవ్వ పేరు తెలవకపోటమేంది తమ్ముడూ? ముప్పై ఎనిమిది ఊళ్లల్లో అడుగు, చెప్తారు. నేనున్నాగా, నన్నడగొచ్చుగా" అని రోజూ అనేది.

నేను సంఘం పాతరిజిస్టరు చంకలో పెట్టుకుని పరాంకుశంగారి ఆఫీసుకు వెళ్లాను. ఎలీసమ్మను ఏ రోజు, ఏ వరసలో పెట్టారో దొరసాని చేతిరాతతో అందులో ఉంది.

పరాంకుశంగారు కళ్లద్దాలు పెట్టుకుని చదివి, మర్యాదగా తిరిగి ఇచ్చేశారు. "ఈ రిజిస్టరులోని ఎలీసమ్మే ఆ రాయి కింద ఉన్నారని ఎవరు చెప్పాలి?"

"రాయే చెబుతుందండీ. పేరుందిగా దాని మీద."

"పేరు కనబడుట లేదు గదా."

"సున్నం కింద ఉందండీ."

"సున్నం తీయుట నిషిద్ధం."

"పోనీ అక్షరాల మీద రంగు దిద్దుకోనివ్వండి, కనబడుతుంది."

"పేరు లేని రాయి మీద పేరు రాసినచో ఫోర్జరీ అగును. కార్యదర్శిగారూ, నేను మీ శ్రేయోభిలాషిని కాబట్టి చెబుతున్నా. బోర్డు మీద ఏడాది పాటు నిలిచిన వివరం శాశ్వతమవుతుంది. నవంబరు రెండు సాయంత్రం ఐదు దాటితే రాష్ట్ర స్మారకాల పుస్తకంలో 'పేరు తెలియని స్త్రీ' అని అచ్చవుతుంది. ఇక ఎవరూ మార్చలేరు. మీకు ఈ దరఖాస్తుల శ్రమ కూడా తప్పుతుంది."

ఈ మాట దీనమ్మక్కకు చెప్పకుండా దాచిపెడదామనుకున్నాను. అక్టోబరు ఆఖరువారంలో చెప్పేశాను. ఆమె వెదురుకర్ర మీద చెయ్యి ఆన్చుకునే విన్నది. విని, మెడలో వేలాడుతున్న గుర్తింపు కార్డు నాకు చూపించి, "ఈ ఎనకమాల సన్న అచ్చరాలు ఏందో చదువు తమ్ముడూ" అంది.

స్మారకంలో భాగమైనందుకు ఆమెకూ మేకకూ ఒకే రకం కార్డులిచ్చారు. వెనక ఇలా ఉంది: 'ఈ రక్షిత భాగమును తాకుట, కదుపుట, జరుపుట, అడ్డగించుట, దీని ముందు నిలిచి మరుగుపరచుట, దీనికి చెందిన వస్తువులను లాగుకొనుట శిక్షార్హము. రెండేళ్ల కారాగారవాసము. అధికారులకును మినహాయింపు లేదు.'

"అంటే నన్నెవురూ తాకగూడదు?"

"తాకకూడదక్కా."

"ఆ పరాంకుశం కూడా?"

"ఆయన కూడా."

"ఈ కుంచె?"

"కుంచె కూడా నువ్వే."

"ఊఁ" అంది దీనమ్మక్క.

నవంబరు ఒకటి, శనివారం. వార్షిక తనిఖీకి పరాంకుశంగారు, సాంబమూర్తి పదిన్నరకు దిగారు. సంఘం తరఫున నేను వెళ్లాను, ఈసారి దండ లేకుండా. దీనమ్మక్క రోజూ తెచ్చుకునే అన్నం క్యారియరు పక్కన పెట్టుకుని కూర్చుని ఉంది. మమ్మల్ని చూసి క్యారియరు మూత తీసింది. అందులో అన్నం లేదు. తడిపిన సున్నం ఉంది. కుంచె ముంచి, లేచి నిలబడి, రాయి కిందిసగం మీద పైనుంచి కిందకి ఒక్క గీత గీసింది.

సైరను మోగింది.

"ఆపండి! మస్తాన్, ఆపు ఆమెను!" అని పరాంకుశంగారు అరిచారు.

మస్తాన్ రెండడుగులు వేసి ఆగాడు. "ఎట్టా ఆపనయ్యా? తాకితే రెండేళ్లు."

"కుంచె లాక్కో!"

"అదీ రెండేళ్లేనయ్యా."

"ఆమెకూ రాయికీ మధ్య నిలబడు!"

"మరుగుపరిచినా రెండేళ్లేగా. ఏడాదిబట్టి మేక మెళ్లో కార్డు నేనే తుడుస్తన్నా, నాకు కంఠతా వచ్చు."

పరాంకుశంగారు తనే తాడు దాటబోయారు. సాంబమూర్తి రిజిస్టరు అడ్డం పెట్టి, "సార్, సర్వీసు ఇంకా నాలుగేళ్లుంది" అని గుర్తుచేశాడు. ఆయన ఒంటికాలి మీద ఆగిపోయారు. ఆగి, బతిమాలడం మొదలుపెట్టారు. "అమ్మా, మీరు పెద్దవారు. మీ మీద కేసు పెట్టవలసి వస్తుంది."

"పెట్టు నాయనా. ఎవురి మీద పెడతావు? రాయి మీదా?" అంది దీనమ్మక్క, వెనక్కి తిరక్కుండా.

సాంబమూర్తి ఉత్తర్వు పద్నాలుగు పేజీలూ తిరగేశాడు. స్మారకాన్ని 'ఎవరేని వ్యక్తి' ధ్వంసం చేస్తే శిక్ష ఉంది. స్మారకమే స్మారకానికి ఏదైనా చేసుకుంటే ఏం చేయాలో ఎక్కడా లేదు. ఈలోగా అక్క రెండుపూతలు పూర్తిచేసింది. ఎండకు సున్నం చకచకా ఆరింది. చిన్న పచ్చడి సీసాలో తెచ్చుకున్న నల్లరంగు తీసి, ఊపిరి బిగబట్టి, 'బో' దిద్దింది. నలుగురం మగవాళ్లం తాడు ఇవతల నిలబడి, ఆమె 'ధ'కు ఒత్తు పెట్టేదాకా, 'లీ'కి గుడిదీర్ఘం తిప్పేదాకా చూస్తూనే ఉన్నాం. మేక కూడా నమలడం ఆపింది. ఎలీసమ్మ అని పూర్తిచేసి దీనమ్మక్క కింది వరసలకు దిగింది. నా కళ్లు చెమర్చాయి. దాచుకోలేదు.

యాప్ మాత్రం చెమర్చలేదు. 'స్మారకము నలభై మూడు శాతము. ధ్వంసమా, సహజ పరిణామమా? పది నిమిషాలలో తెలుపనిచో బాధ్యుడైన అధికారి సస్పెన్షన్' అని పరాంకుశంగారి ఫోనులో అంకెలు వెనక్కి పరుగెత్తడం మొదలుపెట్టాయి.

"సహజ పరిణామం! సహజ పరిణామం నొక్కండి సార్" అన్నాడు సాంబమూర్తి. అక్కడికక్కడే రిజిస్టరులో రాశాడు కూడా: 'స్మారకములోని ఒక భాగము మరియొక భాగమును తనంతట తానే పునరుద్ధరించుకొనినది. మానవ ప్రమేయము లేదు.'

నొక్కారు. కొత్త మూలచిత్రం కావాలంది యాప్. అధికారి ఫోనుతోనే తీయాలి, సాక్ష్యంగా తనిఖీ అధికారి, సిబ్బంది, కాపలాదారు, స్థానిక సంఘ ప్రతినిధి అందరూ అందులో ఉండాలి. ఆరు నిమిషాలున్నాయి. పరాంకుశంగారు చొక్కా సర్దుకుని రాయి పక్కకు పరుగెత్తారు. ఆయన పక్కన సాంబమూర్తి. మస్తాన్ మేకను చంకనెత్తుకున్నాడు. స్థానిక సంఘ ప్రతినిధినని ఇన్నాళ్లుగా గర్వపడుతున్న నేను, ఆ చివర నిలబడ్డాను.

"మరి ఫొటో ఎవరు తీస్తారు?" అన్నారు పరాంకుశంగారు.

అందరం దీనమ్మక్క వైపు చూశాం. చేతులు కొంగుకు తుడుచుకుని ఫోను అందుకుంది.

"ఈ గుండ్రటి బొత్తాం నొక్కాలమ్మా. త్వరగా, మూడు నిమిషాలే ఉంది."

"నొక్కుతా. కానీ మా అవ్వ కాడ ఒట్టిచేతుల్తో నిలబడితే ఏం బాగుంటదయ్యా? పండగపూట" అని సంచిలోంచి కొవ్వొత్తులు తీసి, వెలిగించి, ఒక్కొక్కరి చేతిలో పెట్టింది. కాదనే తీరిక ఎవరికీ లేదు. వెనక్కి నడిచి స్తంభం దగ్గర నిలబడింది.

"కదలకండి!" అంది.

ఫోను టింగుమంది.

యాప్ కొత్త ఫొటోలోని అక్షరాలు చదువుకుని, గంటలోపే బోర్డు మార్చాలని హుకుం పంపింది. 'బోధకురాలు ఎలీసమ్మ' అని కొత్తబోర్డు వచ్చి కూర్చుంది. దాని వెంటే కొత్త ఉత్తర్వు కూడా వచ్చింది. భాగము అ: నాపరాయి, పూర్తిగా తెలుపు. భాగము ఆ: సహాయ సంచాలకులు, ఒకరు, వెలిగించిన కొవ్వొత్తితో, నోరు కొద్దిగా తెరిచి. ఆ తర్వాత సాంబమూర్తి. తర్వాత మస్తాన్, చంకలో మేక. తర్వాత నేను. వృద్ధ మహిళ అనే భాగం ఎక్కడా లేదు.

మర్నాడు ఆదివారం, సమాధుల పండుగ. పదింటికి మేం నలుగురం కొవ్వొత్తులు వెలిగించుకుని వరసగా నిలబడ్డాం. చర్చి గంట కొట్టారు. దీనమ్మక్క గంజి పెట్టిన తెల్లచీర కట్టుకుని, చేతిలో పాటల పుస్తకంతో మా ముందు నుంచి నడిచి వెళ్లింది. ఏడాది తర్వాత ఆరాధనకు వెళ్తున్న మనిషి. రాయి దగ్గర ఆగి, ఎలీసమ్మ పేరు మీద వేళ్లతో ఒకసారి తడిమింది. తర్వాత మమ్మల్ని పైనుంచి కిందకి చూసింది.

"మైనం చేతి మీద పడుద్ది, కదిలించమాకండి" అని చెప్పి చర్చిలోకి వెళ్లిపోయింది.

లోపల పాట మొదలైంది. మైనం మణికట్టు మీద పడింది. ఎవరం కదల్లేదు. మేక మస్తాన్ ఖాకీ చొక్కా గుండీ నములుతోంది. కాసేపటికి పరాంకుశంగారు, తెరిచిన నోరు తెరిచినట్టే ఉంచి, పెదవులు కదపకుండా నన్ను పిలిచారు.

"కార్యదర్శిగారూ."

"చెప్పండి."

"ఇంతకీ ఎవరండీ ఈ ఎలీసమ్మ?"

ఏడాది పాటు ఆ రాయిని కాపాడిన మనిషి ఆ ప్రశ్న అడగడం అదే మొదటిసారి. సాయంత్రం ఐదింటిదాకా ఆయన ఎక్కడికీ వెళ్లలేడు. నేను మొదటి ఊరి నుంచి మొదలుపెట్టాను.